డోమ్ పెరిన్యోన్ 2008: మూడు బాటిళ్లు, ఆరేళ్లు, చిత్తూరు ఎండ

నేను చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను. సీజన్ వచ్చిందంటే పొద్దుటి నుంచి శాంపిళ్లు నాలుక మీద వేసుకోవడమే పని. తీపి ఎంత, పులుపు ఎంత, ఎక్కడైనా మాడు వాసన ఉందా అని. అందుకే 2019లో కంపెనీ పని మీద వెళ్లి వస్తూ పారిస్ ఎయిర్‌పోర్టులో డోమ్ పెరిన్యోన్ 2008 షాంపేన్ (ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతపు బుడగల వైన్) కొన్నప్పుడు, ఒక్క గుక్కలో తేల్చేస్తాననుకున్నా. ఆరేళ్లు పట్టింది.

మనిషికి రెండు లీటర్ల మందే తేనిస్తారు. నా లెక్కలో రెండు, తోటి ఉద్యోగి లెక్కలో ఒకటి, మొత్తం మూడు బాటిళ్లు తెచ్చా. ధర ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

మామూలు షాంపేన్‌లో రుచి ఎప్పుడూ ఒకేలా ఉండాలని వేర్వేరు ఏళ్ల వైన్లు కలుపుతారు. వింటేజ్ అంటే బాటిల్ మీద రాసిన ఆ ఒక్క ఏటి ద్రాక్షే, దీనికి 2008ది. డోమ్ పెరిన్యోన్ వాళ్లు వింటేజ్ తప్ప చెయ్యరు, అదీ షార్డొనే, పినో న్వార్ ద్రాక్షతోనే. వింటేజ్ షాంపేన్‌ను కనీసం మూడేళ్లు బాటిల్‌లో ఉంచాకే అమ్మాలని అక్కడి రూలు. ఇది ఈస్ట్ మడ్డితో (పులిశాక బాటిల్‌లో అడుగున మిగిలేది) పాటే ఎనిమిదేళ్లు దాటి ఉంది. 2008లో అక్కడ వేసవంతా చల్లగా, మబ్బుగా గడిచి, కోతకు ముందు సెప్టెంబరులో వాతావరణం కుదిరింది. దాంతో పండులో పులుపు నిలిచింది. తోతాపురి చూసే మాకు ఇది తెలిసిన సంగతే, పులుపు లేని గుజ్జు ఎంత తియ్యగా ఉన్నా చప్పగానే తగులుతుంది.

మొదటి బాటిల్ ఆ డిసెంబరు 31 రాత్రే మిద్దె మీద తెరిచాం. పులుపు పళ్లకు తగిలింది, వాసన ముడుచుకుని ఉంది. మా బావమరిది ఒక గుక్క తాగి, "ఏంది బావా, ఇంత డబ్బు పోసి నిమ్మకాయ సోడా తెచ్చినావా?" అన్నాడు. కోపం వచ్చింది గానీ, వాడి మాటలో తప్పు లేదు.

రెండోది బీరువాలో పట్టుచీరల కింద పెట్టా. చీకటిగా ఉంటుంది, ఎవరూ కదపరు అని. రెండు వేసవులు అక్కడే ఉంది. 2022 కనుమ నాడు తీస్తే రంగు పలచటి టీ డికాషన్‌లా ఉంది. వాసన చూడగానే గుర్తుపట్టా: వేడిలో ఎక్కువసేపు నిలిచిపోయిన గుజ్జు వాసన. బయట నలభై డిగ్రీలు కాస్తుంటే బీరువా మాత్రం చల్లగా ఉంటుందా? రోజూ గుజ్జును వేడి నుంచి కాపాడే వాణ్ణి, సొంత ఇంట్లో బాటిల్‌ను ఉడకబెట్టుకున్నా. పక్కన నాటుకోడి పులుసు కూడా పెట్టాం, ఆ కారానికి మిగిలిన కాస్త రుచీ పోయింది.

మూడోది బతికిందంటే బీరువాలో చోటు లేక ఫ్రిజ్ కింది అరలో ఉండిపోవడం వల్లే. కనుమ దెబ్బకు చిన్న వైన్ కూలర్ కొని, 12 డిగ్రీలకు పెట్టి, ఇన్వర్టర్‌కు కలిపి, బాటిల్ అందులో పడుకోబెట్టా. అమ్మ చూసి, "ఎంత చల్లగా పెట్టినా మందు మందే కదరా" అంది.

2025 డిసెంబరులో మా పెళ్లిరోజుకు దాన్ని తీశాం. లోపలి ఒత్తిడి కారు టైరు గాలికి రెట్టింపు పైనే ఉంటుంది, కంగారు పడకూడదు. బిరడా మీది తీగను ఆరు అరచుట్లు తిప్పి వదులు చేసి, బిరడాను గట్టిగా పట్టుకుని బాటిల్‌నే మెల్లగా తిప్పా. పేలలేదు, ఉస్సుమంది అంతే. సన్నటి పొడుగు గ్లాసులు పక్కన పెట్టి, పొట్ట ఉన్న వైన్ గ్లాసుల్లో రెండేసి గుక్కలే పోశా. మన వేడికి నిండా పోస్తే చివరి సగం గోరువెచ్చనే.

బుడగలు తగ్గాయి, సన్నగా దారంలా లేస్తున్నాయి. ముందు వాసన బేకరీ పొయ్యిలోంచి అప్పుడే తీసిన బన్నుది, ఆ వెనకే వేయించిన జీడిపప్పు. పది నిమిషాలకు తేనె, ఎండిన నారింజ తొక్క. ఆరేళ్ల కిందట పళ్లు పులిసిన ఆ పులుపు అలాగే ఉంది, కానీ ఇప్పుడు విడిగా పొడుచుకు రావడం లేదు, ఆ వాసనలన్నిటినీ మోస్తోంది. మింగాక కూడా చాలాసేపు నోట్లో నిలిచింది. వెన్న మురుకులు తింటే ఇంకా బాగుంది, ఆ ఉప్పుకీ వెన్నకీ ఈ పులుపు సరిగ్గా సరిపోయింది. మా ఆవిడ రెండోసారి గ్లాసు చాపింది, అది ఎప్పుడూ జరగనిది.

కొనగానే తాగేద్దాం అనుకునేవాళ్లకు ఇది దండగ, మామూలు షాంపేన్ చాలు. పదేళ్లు ఆగగలిగితే కొనండి, కానీ ముందు కూలర్ కొనండి. నేను మళ్లీ కొంటానా? ఒకటైతే కొంటా.

ప్రస్తుతం కూలర్ ఖాళీగా లేదు. అమ్మ అందులో పూజకు మల్లెపూలు పెడుతోంది, 12 డిగ్రీల్లో మూడు రోజులైనా వాడిపోవడం లేదట.