నాయన వాల్వు టీవీ ముందు 750 రూపాయల టెస్టరు

ఆన్‌లైన్‌లో ట్రాన్సిస్టర్ టెస్టర్ అని కొడితే ఒకే ఫొటోతో పది పేర్ల మీద కనబడే వస్తువు ఇది. అరచేతిలో ఇమిడిపోయే బోర్డు, ఆకుపచ్చగా వెలిగే చిన్న తెర, పార్టు కాళ్లు గుచ్చి పక్కనున్న పుల్ల వంచితే పట్టుకునే సాకెట్టు, నొక్కితే ఆ పార్టేమిటో, విలువెంతో చెప్పే ఒకే ఒక్క బటన్. నాకు 750 రూపాయలు పడింది. 9 వోల్టుల బ్యాటరీ మనమే కొనుక్కోవాలి. డబ్బా లేదు, ఎలా వాడాలో చెప్పే కాగితం ముక్క కూడా లేదు. కింద రివ్యూలు చూస్తే అన్నీ పార్సిల్ విప్పిన రోజే రాసినవి. "ప్యాకింగ్ సూపర్" అని అయిదు చుక్కలు వేసినవాళ్లే ఎక్కువ. నేను నాలుగు నెలలు వాడాక రాస్తున్నాను. వాడింది కూడా దీన్ని తయారుచేసినవాళ్ల మనసులో లేని చోట, 1979లో మా నాయన కొన్న టీవీ మీద.

మాది సూళ్లూరుపేట. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. హైదరాబాదులో 1977లో వచ్చింది కానీ అక్కడి సిగ్నలు మా ఊరికెక్కడ అందుతుంది? మాకు టీవీ అంటే మద్రాసే. మిద్దె మీద 30 అడుగుల ఇనుప పైపు, దాని తలమీద యాంటెన్నా. గాలి గట్టిగా కొట్టినప్పుడల్లా పైకెక్కి పైపు తిప్పడం నా ఉద్యోగం. కిందనుంచి నాయన "ఆఁ... ఆఁ... చాలు, కొంచెం వెనక్కి" అని అరిచేవాడు. నాకు తమిళం వచ్చిందంటే ఆ పెట్టె చలవే.

కలర్ టీవీ వచ్చాక ఇది వసారాలోకి, అక్కణ్నుంచి మిద్దెగదిలోకి పోయింది. నాయన పోయిన ఏడాదికి మా తమ్ముడు "పాత సామాన్లోడికి వేసేద్దాంలే అన్నా" అన్నాడు. సరేనని మోసుకొద్దామని పోయి, ముందున్న చెక్క షట్టరు జరిపితే లోపల పోస్టాఫీసు లైసెన్సు పుస్తకం దొరికింది. అప్పట్లో టీవీ ఉంటే పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. ఒక్క ఏడాది కూడా తప్పకుండా కట్టినట్టు ముద్రలున్నాయి. ఇక వేసేయబుద్ధి కాలేదు.

నేను ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ని కాదు. బ్యాంకులో గుమాస్తాగా రిటైరయ్యాను. ఉద్యోగం రాకముందు రెండేళ్లు ఒక రేడియో రిపేరు కొట్లో కూర్చున్నాను, అంతే. అప్పటి మోట్వానీ ముల్లు మీటరు ఇంకా ఉంది. అది సరిపోదని మా అబ్బాయి ఈ టెస్టరు ఆర్డరు పెట్టాడు.

సెట్టు గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే టెస్టరు ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ ముంచిందో అర్థం కాదు. ఇది హైబ్రిడ్. చిన్న పనులకు ట్రాన్సిస్టర్లు, బరువు పనులకు వాల్వులు, అంటే లోపల హీటరు తీగ వేడెక్కితే పనిచేసే గాజు గొట్టాలు. పేరు 'పీ'తో మొదలయ్యే వాల్వులన్నీ (పీసీఎఫ్ 802, పీసీఎల్ 805, పీఎల్ 504, పీవై 88) 0.3 ఆంపియర్ల హీటరువి. వాటి హీటర్లన్నిటినీ ఒకదాని వెనక ఒకటి దండలా గుచ్చి నేరుగా కరెంటుకు కలుపుతారు. పండక్కి గుమ్మానికి వేసే సీరియల్ బల్బుల్లాగే, ఒకటి పోతే అన్నీ ఆరిపోతాయి. దీనికి కరెంటు వచ్చే చోట ట్రాన్స్‌ఫార్మర్ లేదు. కరెంటు తీగ ఒకటి తిన్నగా ఛాసిస్‌కే, అంటే పార్టులన్నీ బిగించిన ఇనుప చట్రానికే ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఇనుప ఛాసిస్ మొత్తం ఫేజు. అందుకే సెట్టును కరెంటు తీగల నుంచి విడదీసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దీని జోలికి పోకూడదు. పిక్చర్ ట్యూబుకు పోయే తీగలోనైతే పదివేల వోల్టులు దాటే ఉంటుంది. ఆపేశాక కూడా ట్యూబులో ఛార్జి నిలిచే ఉంటుంది. వెనక అట్ట విప్పుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి "ఒరే, షాకు కొట్టించుకోబాక, నాకింక ఓపిక లేదు" అంది. ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని పని చెయ్యమని రేడియో కొట్లో నేర్పిన పాఠం ఆ రోజు మళ్లీ గుర్తొచ్చింది.

ఇక టెస్టరు. రెసిస్టర్ల దగ్గర దీనికి వంక పెట్టలేను. ఆ కాలపు కార్బన్ రెసిస్టర్ల విలువ వయసుతో పైకి పోతుంది. రంగులు చూస్తే 1 మెగా ఓము, తెర మీద 1.6. ఇంకోటి 470 కిలో ఓములది 700 దాటింది. ఒక కాలు విప్పడం, తీగతో సాకెట్టుకు కలపడం, బటన్ నొక్కడం. రెండు సెకన్లలో చిన్న బొమ్మ గీసి మరీ విలువ చెబుతుంది. ఒక్క మధ్యాహ్నంలో పాడైన రెసిస్టర్లు పదకొండు దొరికాయి. ముల్లు మీటరుతో అయితే ప్రతిసారీ సున్నా సరిచేసుకుంటూ, కళ్లద్దాలు సర్దుకుంటూ రెండు రోజులు పట్టేది.

ఆ ఊపులోనే మొదటి టెస్టరును చంపేశాను. అవును, నేను కొన్నవి రెండు. మెయిన్ కండెన్సరు 200 మైక్రోఫారడ్లది, ముందురోజు రాత్రి ఆపిన సెట్టే కదా, ఛార్జి ఎప్పుడో దిగిపోయి ఉంటుందనుకున్నాను. కాళ్లు కలిపి ఖాళీ చెయ్యకుండానే తీగలు తగిలించాను. టిక్ అని చిన్న చప్పుడు. తెర వెలిగింది కానీ ఆ తర్వాత ఏం పెట్టినా ఒకటే పాట, పార్టు లేదు లేదా పాడైంది అని. లోపల ఉన్నది 5 వోల్టుల చిప్పు, దానికి అడ్డుగా ఏ రక్షణా లేదు. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఇలాంటి వస్తువు అమ్మేటప్పుడు కండెన్సరు ఖాళీ చేసి పెట్టండి అని బోర్డు మీద ఒక్క ముక్క అచ్చు వేస్తే వాళ్ల సొమ్మేం పోతుంది? దీనికి ఒక చుక్క కోసేస్తున్నాను.

రెండోది వచ్చాక జాగ్రత్త పడ్డాను. మెయిన్ కండెన్సరును విడదీసి, 100 కిలో ఓముల రెసిస్టర్ గుండా గంటల తరబడి మెల్లగా వోల్టేజి ఎక్కించి దారికి తెచ్చాను. తర్వాత కరెంటు దారిలో 100 వాట్ల బల్బును సీరీస్‌గా పెట్టి సెట్టు ఆన్ చేశాను. నలభై సెకన్లకు వాల్వుల్లో ఎరుపు కనబడింది. ఎంత సంతోషమో! బల్బు తీసేసి పూర్తి కరెంటు ఇచ్చాను. ఇంకో నిమిషానికి లైన్ అవుట్‌పుట్ వాల్వు (బొమ్మలో అడ్డగీతలు గీయించేది) పీఎల్ 504 లోపల ప్లేటు కొలిమిలో పెట్టిన కడ్డీలా ఎర్రబడసాగింది. ఉరికి స్విచ్చి ఆపాను. అలా రెండు నిమిషాలు వదిలేస్తే వాల్వు సంగతి అయిపోయినట్టే.

ప్లేటు ఎర్రబడిందంటే ఆ వాల్వు గ్రిడ్డుకు (లోపలి కరెంటును అదుపు చేసే జాలి) ఉండాల్సిన మైనస్ వోల్టేజి లేదని అర్థం. అది పీసీఎఫ్ 802 పంపే డ్రైవు, అంటే నడిపే సిగ్నలు వల్ల వస్తుంది. మధ్యలో 10 నానోఫారడ్ల కాగితపు కండెన్సరు ఒకటి ఉంది, గోధుమరంగు మైనం పూసినది. మొదటి అనుమానం దాని మీదే. విప్పి టెస్టరులో పెట్టాను. 11 నానోఫారడ్లు అంది. పక్కన చూపించే నష్టం అంకె కూడా పెద్దగా కంగారు పెట్టేది కాదు. బాగుందని మళ్లీ అతికించేశాను. ఆ తర్వాత పది రోజులు, అక్షరాలా పది రోజులు, తప్పు లేనిచోటల్లా వెతికాను. పీసీఎఫ్ 802 మార్చాను. కాయిలు విప్పాను. నిద్ర పట్టక రాత్రి రెండింటికి లేచి సర్క్యూట్ కాగితం ముందేసుకున్న రోజులున్నాయి.

ఆఖరికి మోట్వానీ మీటరే దారి చూపించింది. పీఎల్ 504 పీకేస్తే హీటర్ల దండ తెగిపోతుంది, వాల్వులేవీ వెలగవు, కానీ హెచ్‌టీ (వాల్వులకిచ్చే ఎక్కువ వోల్టేజి) మాత్రం వస్తుంది. ఆ కండెన్సరును మళ్లీ బయటికి తీసి, ఒక కాలు దాదాపు 280 వోల్టుల హెచ్‌టీకి, రెండో కాలు మీటరుకు, మీటరు రెండో తీగ ఛాసిస్‌కు కలిపాను. అన్నీ కరెంటు ఆపే కలిపాను సుమా. మంచి కండెన్సరు అయితే ముల్లు ఒక్కసారి ఎగిరి సున్నాకు వచ్చేయాలి. ఇది 60 వోల్టుల దగ్గర నిలబడిపోయింది. అంటే లోపల కాగితం చెమ్మెక్కి కారుతోంది. ఆ కారే ప్లస్ వోల్టేజే గ్రిడ్డు మీదికి పోయి ప్లేటును ఎర్రబరుస్తోంది.

టెస్టరు అబద్ధం చెప్పిందా? లేదు. అది 5 వోల్టులతో అడిగింది, 5 వోల్టుల దగ్గర కండెన్సరు బుద్ధిగానే ఉంది. 280 వోల్టుల దగ్గర దాని గుణం వేరు. వాల్వు సెట్టు మీద ఈ టెస్టరు పట్టుకుని కూర్చునేవాళ్లు గోడమీద రాసి పెట్టుకోవాల్సిన సంగతి ఇది. కాగితపు కండెన్సర్ల విలువ సరిగ్గా ఉందని వదిలేయకండి. కొలవడం మానేసి అన్నీ తీసి కొత్త ఫిల్మ్ కండెన్సర్లు వేసేయండి. లైన్ ట్రాన్స్‌ఫార్మర్‌లో (పిక్చర్ ట్యూబుకు ఎక్కువ వోల్టేజి ఇచ్చేది) చుట్లు షార్టయ్యాయా లేదా కూడా ఇది చెప్పలేదు, ఏదో ఒక ఇండక్టెన్స్ అంకె చూపించి ఊరుకుంటుంది. ఇక వాల్వులను పరీక్షించే ప్రశ్నే లేదు.

కండెన్సర్ల కోసం యూనిట్ రైలెక్కి చెన్నై పోయాను. రిచ్చీ స్ట్రీట్‌లో ఇప్పుడు ఎక్కడ చూసినా సీసీ కెమెరాలు, ల్యాప్‌టాప్ అడాప్టర్లు. 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు మూడో కొట్లోనే దొరికాయి, ఒక్కోటి 12 రూపాయలు. వాల్వులకు మాత్రం సాయంత్రం దాకా తిరిగాను. మేడమీద ఒక పెద్దాయన కొట్లో బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వుల అట్టపెట్టెలు కనబడ్డాయి. పీసీఎల్ 805 ఒకటి 350కి ఇచ్చాడు. పీఎల్ 504 అడిగితే 900 అన్నాడు. అదేంటి సామీ అంటే, "ఇప్పుడు ఆంప్లిఫయర్లు కట్టేవాళ్లు కొనుక్కుపోతున్నారు సార్" అన్నాడు. దణ్ణం పెట్టి వచ్చేశాను. 12 రూపాయల కండెన్సరు వేశాక ఇంట్లో ఉన్న పాత పీఎల్ 504 చల్లగా, బుద్ధిగా పని చేసింది.

బొమ్మ వచ్చిన రోజు ఇంకో సంగతి జరిగింది. ఇప్పుడు గాలిలో పట్టుకోవడానికి పాత అనలాగ్ ప్రసారాలు లేవు కదా, అందుకని డీడీ ఫ్రీడిష్ పెట్టె తీగలను బొమ్మను యాంటెన్నా సిగ్నలుగా మార్చే ఒక చిన్న ఆర్ఎఫ్ మాడ్యులేటరు గుండా యాంటెన్నా సాకెట్టుకు ఇచ్చాను. ఫైన్ ట్యూనింగ్ నాబ్ తిప్పుతుంటే చీమల్లోంచి మొహం తేలింది. వార్తలు చదివే అమ్మాయి. అమ్మను పిలిచాను. వచ్చి కాసేపు చూసి, "అప్పుడు మనుషులు ఇంత పొట్టిగా ఉండేవాళ్లు కాదే" అంది. నిజమే. ఆ సంబరంలో నేను గమనించనేలేదు. బొమ్మ పైనా కిందా నల్ల పట్టీలు, కింది అంచు మడత పడి ఉంది.

ఇక్కడ టెస్టరు తన పరువు నిలబెట్టుకుంది. నిలువు సైజు చూసే పీసీఎల్ 805 కాథోడ్ దగ్గర 100 మైక్రోఫారడ్ల కండెన్సరు ఉంటుంది, తక్కువ వోల్టేజిది. ఖాళీ చేసి, ఈసారి రెండుసార్లు ఖాళీ చేసి, పెట్టాను. తెరమీద 9 మైక్రోఫారడ్లు, ఈఎస్ఆర్ (కండెన్సరు లోపలి నిరోధం, తక్కువ ఉంటేనే మంచిది) 30 ఓములు దాటింది. ఎండి వడియమైపోయింది. మోట్వానీతో అయితే ముల్లు ఊగడాన్ని చూసి ఊహించుకోవాల్సిందే. కొత్తది 5 రూపాయలు. మనుషులు మళ్లీ మామూలు ఎత్తుకు వచ్చారు.

మాట మాత్రం రాలేదు. అది టెస్టరు నేరమూ కాదు, టీవీ నేరమూ కాదు. నేను కొన్న మాడ్యులేటరు అమెరికా పద్ధతిది, శబ్దాన్ని బొమ్మకు 4.5 మెగాహెర్ట్జ్ దూరంలో పంపుతుంది. మన పాత సెట్లు 5.5 దగ్గర వెతుకుతాయి. కొనేవాళ్లు పాల్ బీ అని, వీహెచ్ఎఫ్ అని రెండూ రాసి ఉన్నదే కొనండి. యూహెచ్ఎఫ్ మాత్రమే ఇచ్చేది ఈ సెట్టులో అసలు పట్టదు. నేనైతే సరైనది దొరికేదాకా సెట్‌టాప్ పెట్టె నుంచి తీగ లాగి పాత కంప్యూటర్ స్పీకరు ఒకటి క్యాబినెట్ వెనక దాచాను. మోసమే. అమ్మకు చెప్పలేదు.

అయిదులో మూడున్నర ఇస్తాను. రెసిస్టర్లు, ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు, డయోడ్లు, ఈ సెట్టులోని పాత ట్రాన్సిస్టర్ల కాళ్లు ఏది ఏదో తేల్చుకోవడం, వీటికి 750 రూపాయలకు ఇంతకంటే ఏం కావాలి? వాల్వు సెట్టు చేసేవాళ్లు దీనితోపాటు మంచి ముల్లు మీటరో డిజిటల్ మీటరో ఉంచుకోండి. అది లేకుండా దీన్నొక్కదాన్నే నమ్మితే నాలాగే పది రోజులు పోతాయి.

ఇప్పుడు దీన్ని నాకంటే మా వీధి వాళ్లే ఎక్కువ వాడుతున్నారు. ఎండలు మొదలయ్యాక ఎవరింట్లో ఫ్యాను నెమ్మదించినా కండెన్సరు పట్టుకుని వచ్చేస్తారు. పైన 2.5 అని రాసి ఉంటుంది, తెరమీద 1.2 చూపిస్తుంది. మొన్న ఎదురింటి పిల్లాడు తెచ్చి తనే గుచ్చబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ముందు కాళ్లు కలపరా అని.