మారతహళ్ళి పచ్చళ్ళ కొట్టు: ప్యాకింగ్ భేష్, సలహాలు వినకండి

తమ్ముడు ఎమ్మెస్‌కి జర్మనీ వెళ్తున్నాడని బెంగళూరు మారతహళ్ళిలో ఒక పచ్చళ్ళ కొట్టుకెళ్ళాం. ఆవకాయ, గోంగూర అరకిలో చొప్పున తీసుకున్నాం. గాలి తీసేసి రెండు కవర్లలో సీల్ వేశారు. ఇంటికొచ్చి బోర్లించి, గట్టిగా నొక్కి చూశాను, ఒక్క చుక్క నూనె కారలేదు. అమ్మ ఊరినుంచి తెచ్చిన కారప్పొడిని కూడా 40 రూపాయలకి సీల్ చేసిచ్చారు. గోంగూరలో ఉప్పు కాస్త ఎక్కువే.

గొడవంతా కోడి పచ్చడి దగ్గరే. "అందరూ తీసుకెళ్తారమ్మా" అంటూ అంటగట్టబోయారు. మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్ళడం నిషేధం. నెయ్యి కూడా కుదరదు (అమ్మని ఒప్పించడానికి అరగంట పట్టింది). పచ్చళ్ళు చెక్-ఇన్ పెట్టెలో సర్దండి, పవర్ బ్యాంక్ మాత్రం హ్యాండ్ బ్యాగులోనే. కొట్టుకి ఆదివారం వెళ్తే గంట క్యూ.