డెవిల్స్ లేక్‌కు తొలి ప్రయాణం: ఏ ఒడ్డు, ఏ బస, ఏ వేళ

షికాగో పరిసరాల్లోని తెలుగు కుటుంబాలు వేసవిలో విస్కాన్సిన్ వైపు బయలుదేరాయంటే, విస్కాన్సిన్ డెల్స్ అనే విహార పట్టణంలోని వాటర్ పార్కుల కోసమే అయివుంటుంది. అక్కడికి అరగంట లోపు దూరంలో, బారబూ ఊరి పక్కనే ఉన్న డెవిల్స్ లేక్ స్టేట్ పార్కుకు మాత్రం తిరుగు ప్రయాణంలో మిగిలిన ఒక పూటే దక్కుతుంది. ఈ లెక్క తారుమారు కావాలని నా అభిప్రాయం. రెండు రోజులు పార్కుకు కేటాయించి, పిల్లలు మరీ మారాం చేస్తే డెల్స్‌కు ఒక పూట ఇస్తే చాలు.

సరస్సుకు తూర్పునా పడమరా దాదాపు 500 అడుగుల ఎత్తున నిలిచిన కొండలు ఊదా, గులాబి చాయలు కలిసిన క్వార్ట్‌జైట్ అనే గట్టి శిలవి. వాటి వయసు 160 కోట్ల సంవత్సరాలకు తక్కువ కాదంటారు. ఒకప్పుడు ఈ కొండల నడుమ నది పారేది. గత మంచుయుగంలో ఇంతవరకు వచ్చి ఆగిన హిమానీనదం, తాను మోసుకొచ్చిన రాళ్లనూ మట్టినీ లోయకు రెండు మొనల దగ్గరా కుప్పవోసి, కరిగి వెనక్కు తగ్గింది. చెరువు గట్టు మీద ఆడి పెరిగినవారికి ఇంతకన్నా వివరణ అక్కరలేదు. మంచు పోసిన రెండు గట్ల మధ్య నిలిచిన నీరే ఈ సరస్సు. విస్తీర్ణం 360 ఎకరాలు, అందులోంచి బయటికి పారే ఏరు లేదు. ఈ సంగతి తెలిసి పడమటి కొండ ఎక్కితే, ఆ రెండు గట్లు ఎక్కడున్నాయో కంటితోనే పోల్చుకోవచ్చు.

మొదటిసారి వెళ్లేవారు ముందుగా తేల్చుకోవలసింది ఏ ఒడ్డున కారు ఆపాలన్నది. ఉత్తరపు ఒడ్డున తినుబండారాల కొట్టు, పడవలు అద్దెకిచ్చే చోటు, గడ్డి మైదానం, ఇసుక తీరం అన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి. చిన్నపిల్లలున్నవారికి ఇదే అనుకూలం, కానీ జనం కూడా ఇక్కడే ఎక్కువ. జులై ఆదివారాల్లో పొయ్యిల దగ్గర తెలుగు మాటలు వినబడడం నాకు మామూలైపోయింది. కొండ ఎక్కాలనుకునేవారు దక్షిణపు ఒడ్డుకు వెళ్లాలి. బ్యాలెన్స్‌డ్ రాక్ దారి అక్కడే మొదలవుతుంది. దూరం తక్కువే అయినా, బండల మధ్య అమర్చిన రాతిమెట్లు నిట్టనిలువుగా ఉండి, మోకాళ్లను గట్టిగానే పరీక్షిస్తాయి. వాన పడితే ఈ రాయి నున్నగా జారుతుంది కనుక ఆ రోజుకు ఎక్కడం మానుకోవడం మంచిది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉంటే, తూర్పు కొండ పాదంలో చెట్ల నీడన సాగే గ్రాటోస్ దారి చాలా నయం. పడమటి ఒడ్డున టంబుల్డ్ రాక్స్ దారి కొండ ఎక్కనవసరం లేనిదే గాని, కూలిన బండల మధ్య సందుల్లోంచి పోతుంది. చేతికర్రతో నడిచేవారికి నేను చెప్పను.

బస విషయానికి వస్తే, పార్కులోనే మూడు క్యాంపు స్థలాలున్నాయి. 11 నెలల ముందుగానే బుకింగ్ మొదలవుతుంది. వేసవి శని, ఆదివారాలు తొందరగా నిండిపోతాయి. గుడారంలో పడుకోవడం కొత్త కాకపోతే దీనికి మించిన బస లేదు, ఎందుకంటే పగటి జనం వెళ్లిపోయాక, మళ్లీ తెల్లవారి వచ్చేలోగా సరస్సంతా మీ సొంతమవుతుంది. కట్టెలు మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్లకూడదు. చెట్లకు పురుగు పట్టకుండా, 10 మైళ్ల లోపు దొరికినవో, ధ్రువీకరణ ఉన్నవో మాత్రమే అనుమతిస్తారు. గుడారం వద్దనుకుంటే బారబూలో సాదా హోటలు తీసుకోండి. డెల్స్‌లో మేము దిగిన ఒక రిసార్టులో ముందు చూపిన అద్దెకు తోడు ‘రిసార్ట్ ఫీజు’ పేరుతో మరో మొత్తం వేశారు, పైగా పొద్దున్నే కొండకు వెళ్లేవారికి వాటర్ పార్కు టికెట్టుతో పనేముంది? తిండికి పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లడమే క్షేమం. మన భోజనం హోటల్లోనే కావాలంటే మాడిసన్‌లో ఆగి తినడం మేలు.

కారుకు ప్రవేశ స్టిక్కరు తప్పనిసరి. ఇల్లినాయ్ నంబరు ప్లేటుకు స్థానికుల కన్నా ఎక్కువ తీసుకుంటారు. సెలవు రోజుల్లో మధ్యాహ్నానికి ముందే పార్కింగు నిండిపోతుంది కాబట్టి తొమ్మిది లోపే చేరాలి. వీలైతే లేబర్ డే (అమెరికాలో సెప్టెంబరు మొదటి సోమవారం) దాటాక, పని దినాల్లో వెళ్లండి. ఈతకు నీళ్లు చల్లబడతాయి, కానీ దారుల మీద నడక హాయిగా ఉంటుంది. అక్టోబరు ఆకుల రంగుల కోసం వచ్చే జనం మళ్లీ జులైని తలపిస్తారు.

రెండో రోజు మిగిలిన సమయానికి బారబూ దగ్గరి అంతర్జాతీయ కొంగల సంస్థకు నా మొదటి ఓటు. ప్రపంచంలోని 15 జాతుల క్రేన్ కొంగలూ ఒకేచోట ఉన్నది అక్కడే, మన ఉత్తరాది పొలాల్లో తిరిగే సారస కొంగతో సహా. చలికాలంలో మూసి ఉంటుంది గనుక తేదీలు చూసుకోవాలి. తిరుగు దారిలో మెర్రిమాక్ దగ్గర విస్కాన్సిన్ నదిని కార్లతో దాటించే పడవ ఉచితం. పిల్లలకు అది తప్పక నచ్చుతుంది. అయితే వేసవి ఆదివారం సాయంత్రం వరుస చాంతాడంత ఉంటుంది కాబట్టి, ఆ రోజు హైవే పట్టుకుని, పడవను పార్కుకు వెళ్లేటప్పుడే ఎక్కేయండి.