పగలూ రాత్రీ నేర్పే బొమ్మ: గోళం బాగుంది, తంటా అంతా గేర్లతోనే

మా పాపకి ఆరేళ్లు. రాత్రి ఎందుకవుతుందని అడిగితే, "భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కదమ్మా, అందుకు" అని ఠక్కున చెప్పింది. తప్పు దానిది కాదు. మనం రెండింటికీ 'తిరగడం' అనే మాటే వాడతాం. భూమి తన చుట్టూ తాను తిరిగితే ఒక రోజు, సూర్యుడి చుట్టూ తిరిగొస్తే 365 రోజుల పైచిలుకు. ఈ తేడా చూపిద్దామనే సూర్యుడు, భూమి, చంద్రుడు ఉన్న గేర్ల నమూనా కొన్నాను. రెండు నెలలుగా వాడుతున్నాం.

భూగోళం చాలా బాగుంది. 8 సెంటీమీటర్లే అయినా ఖండాలు స్పష్టంగా ఉన్నాయి, ఇరుసు 23.5 డిగ్రీలు వాలి ఉంది. ఉత్తర ధ్రువం పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు దిశలో, అంటే పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది. ఇది మాత్రం తప్పకుండా చూసుకోండి. దిశ తప్పితే పొద్దు పడమట పొడుస్తుంది!

గొడవంతా గేర్లతోనే. పిడి పట్టుకుని తిప్పితే భూమి సూర్యుణ్ణి చుట్టొస్తూ తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది. లెక్కపెట్టాను, ఒక చుట్టుకి 9 సార్లు. అంటే ఏడాదికి తొమ్మిదే రోజులు. పైగా పిల్లల కళ్లు పెద్ద కదలిక వెంటే పోతాయి. "చూశావా, అటువైపు వెళ్లింది, రాత్రయిపోయింది" అంది పాప. పాత తప్పే ఇంకా గట్టిపడిందని నాకు నిజంగా బాధేసింది.

చివరికి అడుగున ఉన్న రబ్బరు బెల్టు తీసేశాను. పిడి ముట్టుకోకుండా భూమిని ఒక్కదాన్నే వేలితో తిప్పడం మొదలుపెట్టాం. మన దేశం మీద గోరంత మట్టి బొమ్మ అతికించాం. మెల్లగా తిప్పుతుంటే బొమ్మ చీకట్లోంచి వెలుగు అంచుకి వచ్చింది. ముందు తల మెరిసింది, తర్వాత ఒళ్లంతా. "పొద్దు పొడిచింది!" అని పాప కేక. ఇంకొంచెం తిప్పితే పొద్దు గూకింది. సూర్యుడి స్థానంలో ఉన్న బల్బు మాత్రం ఉన్నచోటే ఉంది. రెండో బొమ్మని గోళానికి అవతలి వైపు తనే అతికించి, "ఇది లేచేసరికి అది పడుకోవాలి" అంది. ఆ మాట నేను చెప్పలేదు.

గది బాగా చీకటిగా ఉండాలి. తెల్ల గోడల మీద పడిన వెలుతురు తిరిగొచ్చి రాత్రి సగాన్ని కూడా వెలిగించేస్తోంది. గోళం వెనక నల్ల చార్టు నిలబెడితే సరిపోయింది.

చంద్రుణ్ణి ఎప్పుడూ చీకటి వైపే ఉండేలా బిగించేశారు. చంద్రుడు రాత్రిదేనని పిల్లలు అనుకోరూ? మేం ఊడదీసేశాం. పౌర్ణమి వెళ్లిన నాలుగో రోజు పొద్దున్నే, ఎండలోనే, పడమట చంద్రుణ్ణి చూపించాను.

పెట్టె మీద కొలతల గురించి ఒక్క ముక్క లేదు. భూమి ఇంతుంటే సూర్యుడు దాదాపు 9 మీటర్ల అడ్డుకొలతతో, కిలోమీటరుకి కాస్త తక్కువ దూరంలో ఉండాలి. ఇది పిల్లలకి నోటితో చెప్పుకోవాల్సిందే.

అయిదుకి మూడు ఇస్తాను, ఆ మూడూ గోళానికే. కొనేముందు భూమిని ఒక్కదాన్నే వేలితో తిప్పి చూడండి. తిరిగితే తీసుకోండి. పిడి తిప్పితే తప్ప కదలనిదైతే వద్దు.