ఆఫ్ఘన్ డాక్టర్ అమెరికా చేరితే: మళ్లీ లైసెన్సా, ముందు ఉద్యోగమా?

2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి వెళ్లాక అమెరికా చేరినవారిలో డాక్టర్లూ ఉన్నారు. వాళ్లకు సాయపడేవారికి ఎదురయ్యే చిక్కు ఇదే.

ఖర్చు: అమెరికాలో డాక్టర్ లైసెన్సు కోసం రాయాల్సిన పరీక్షలైన యూఎస్‌ఎంఎల్‌ఈలో ఒక్కో పరీక్షకు దాదాపు వెయ్యి డాలర్లు.
మెడికల్ అసిస్టెంట్, దరీ-పష్తో (ఆఫ్ఘన్ భాషలు) ఇంటర్‌ప్రెటర్ పనులకు కొద్దిపాటి శిక్షణ చాలు.

శ్రమ: పరీక్షల తర్వాత సాధారణంగా కనీసం 3 ఏళ్ల రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ). ఉద్యోగంలో అంత లేదు.

రిస్క్: అసలు కష్టం ఇక్కడే. పాసైనా రెసిడెన్సీ సీటు రాకపోవచ్చు. చదువైపోయి ఏళ్లు గడిచేకొద్దీ అవకాశం తగ్గుతుంది. మన తెలుగు డాక్టర్లు ఎందరో ఈ దారిలోనే వెళ్లారు, కానీ వాళ్లకు ఫోన్ చేస్తే పలికే కాలేజీ ఉంది. డిగ్రీ నిజమేనని కాబూల్ నుంచి చెప్పించుకోవడం మామూలు టెన్షన్ కాదు. ఉద్యోగంలో భయం వేరు: ఆపరేషన్లు చేసిన మనిషి బీపీ చూస్తూ అక్కడే ఉండిపోవచ్చు. అది నిజంగా బాధాకరం.

డిగ్రీ ఇటీవలిదై, ఇంట్లో ఇంకొకరు సంపాదిస్తుంటే లైసెన్సే మేలు. అద్దె, పిల్లల ఖర్చు మీద పడితే ముందు ఉద్యోగం. కానీ గోదాములో వద్దు, ఆసుపత్రిలోనే చూడండి. రేపు రెసిడెన్సీకి సిఫార్సు లేఖ రాయగల డాక్టర్లు పరిచయమయ్యేది అక్కడే.