నాలుగేళ్ల కోర్సు, ఒకే కుట్టు మిషన్: దీర్ఘకాల వాడకం తర్వాత నా సమీక్ష

ఫ్యాషన్ డిజైన్ కోర్సులో చేరిన కొత్తలో కొన్న ఒక సాధారణ ఇంటి కుట్టు మిషన్ మీద, నాలుగేళ్లలో కళాశాల ప్రాజెక్టుల కోసం 31 దుస్తులు కుట్టాను. ముందుగా కుట్టి చూసుకునే మస్లిన్ నమూనాలను ఈ లెక్కలో చేర్చలేదు. తెర గానీ కంప్యూటర్ బోర్డు గానీ లేకుండా, కుట్టు రకాన్నీ పొడవునూ తిప్పుడు మీటలతో మార్చుకునే, కరెంటు మోటారుతో నడిచే యంత్రం ఇది. నేత బట్టల విషయంలో ఇది నన్ను నిరాశపరచలేదు. నిరాశపరిచిందని నేను అనుకున్న సందర్భాల్లో చాలావాటికి కారణం సూదో, దారమో, నా తొందరో అని తర్వాత తేలింది. సాగే జెర్సీ బట్ట, మందపాటి డెనిమ్ దగ్గర మాత్రం లోపం మిషన్‌దేనని స్పష్టంగా చెప్పగలను.

మొదటి సెమిస్టరులో స్కర్టుకు నడుముపట్టీ కుడుతుండగా బట్ట అడుగున దారం గుత్తులు గుత్తులుగా ముద్దకట్టింది. పైకి కుట్టు చక్కగానే కనిపిస్తోంది కాబట్టి లోపం అడుగున కింది దారం చుట్టి ఉండే బాబిన్‌లోనే ఉందని నమ్మి, ఒక సాయంత్రమంతా దాన్ని పట్టి ఉంచే బాబిన్ కేస్ స్క్రూను బిగిస్తూ వదులు చేస్తూ గడిపాను. నిజానికి అలా అడుగున ముద్దకట్టేది పై దారమే. బట్టను అదిమి పట్టే ప్రెజర్ ఫుట్ దించి ఉన్నప్పుడు, పై దారాన్ని బిగువుగా ఉంచే టెన్షన్ పలకలు ఒకదానికొకటి బిగుసుకుని ఉంటాయి. ఆ స్థితిలో దారం ఎక్కిస్తే అది పలకల నడుమకు దిగకుండా పైపైనే జారిపోతుంది, పట్టు లేని ఆ దారాన్ని బాబిన్ దగ్గర తిరిగే హుక్ ఎంత లాగితే అంతా కిందికి దిగి చిక్కుపడుతుంది. ఫుట్ పైకెత్తి దారం మళ్లీ ఎక్కించగానే కుట్టు దానంతటదే కుదిరింది. అయితే నేను అనవసరంగా కదిపిన బాబిన్ స్క్రూను మునుపటి బిగింపుకు తీసుకురావడానికి మరో రెండు రోజులు పట్టింది. దారం కొసను పట్టుకుని బాబిన్ కేస్‌ను వేలాడదీసి, చేతిని మెల్లగా విదిలిస్తే అది కొద్దిగా జారి ఆగిపోవాలి. అసలు జారకపోతే బిగువెక్కువ, జరజరా దిగిపోతే వదులెక్కువ. ఈ చిన్న పరీక్షను అప్పటి నుంచి ప్రతి ప్రాజెక్టుకు ముందు చేసుకుంటున్నాను.

కళాశాల ల్యాబ్‌లో ఉండే ఇండస్ట్రియల్ మిషన్లు నిమిషానికి 5,000 కుట్ల దాకా వేయగలవు. నా మిషన్ వేగం అందులో ఐదో వంతు కూడా ఉండదు. పొడవాటి పక్క కుట్ల దగ్గర ఆ తేడా తెలుస్తుంది కానీ, దుస్తుల చేతిని చంక గుండ్రానికి అతికేటప్పుడు నాకు ఈ నెమ్మదే అక్కరకు వచ్చింది. చేతి పైభాగం చంక చుట్టుకొలత కంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువగా ఉంటుంది. 4 మిల్లీమీటర్ల పొడవుతో రెండు వరుసల కచ్చా కుట్టు వేసి, ఆ అదనాన్ని ఎక్కడా కుచ్చు కనిపించకుండా సర్దుతూ, అంగుళం అంగుళం ముందుకు పోవాలి. ల్యాబ్ మిషన్ మీద రెండుసార్లు విప్పుకున్న చేతిని ఇంట్లో ఒకే ప్రయత్నంలో అతికాను. రెండు చోట్లా పని చేసే విద్యార్థులు గమనించాల్సిన సంగతి ఒకటుంది: ఇంటి మిషన్ సూది పైభాగం ఒకవైపు చదునుగా ఉంటుంది, ఇండస్ట్రియల్ సూదులు సాధారణంగా గుండ్రంగా ఉంటాయి, ఒకదాని బదులు మరొకటి వాడకూడదు.

ఈ మిషన్ విలువ నాకు పూర్తిగా తెలిసింది మూడో సంవత్సరంలో. 1920లలో పారిస్‌లో ఫ్యాషన్ డిజైనర్ మడెలీన్ వియొనే ఏటవాలు కత్తిరింపును గౌను నిర్మాణానికే ఆధారం చేసుకున్న తీరును అధ్యయనం చేసి, ఆ పద్ధతిలో ఒక షిఫాన్ గౌను తయారుచేయడం మా ప్రాజెక్టు. పడుగు పేకలకు 45 డిగ్రీల కోణంలో కత్తిరించిన షిఫాన్ చేతిలో నిలవదు. బల్ల మీద ఒక ఆకారంలో ఉన్న ముక్క పైకెత్తగానే మరో ఆకారంలోకి జారిపోతుంది. మొదటి కుట్టు మొదలుపెట్టగానే బట్ట కొస సూదితోపాటు, సూది కింద ఉండే లోహపు ప్లేటు రంధ్రంలోకి దిగిపోయింది. జిగ్‌జాగ్ కోసం ఆ రంధ్రం వెడల్పుగా ఉంటుంది కాబట్టి పలుచని బట్టకు అక్కడ ఆధారం దొరకదు. సన్నని గుండ్రటి రంధ్రమున్న ప్లేటు ఈ మిషన్‌తో రాలేదు, అది నిజంగా ఒక లోటే. బట్ట కింద పలుచని కాగితపు పట్టీ పెట్టి, సన్నని 60వ నంబరు సూదితో, కంటికి ఆనని అర మిల్లీమీటరు జిగ్‌జాగ్‌తో కుట్టి, ఆ తర్వాత కాగితాన్ని చింపేశాను. తిన్నని కుట్టయితే బట్ట సాగినప్పుడు దారం సాగక పుటుక్కున తెగుతుంది. ఈ స్వల్పమైన వంకర వల్ల కుట్టు కూడా బట్టతోపాటు సాగింది. రెండు రోజులు డ్రెస్ ఫామ్ (దుస్తులు తొడిగి చూసే బొమ్మ) మీద వేలాడదీసి చూస్తే అంచు ఒకచోట నాలుగున్నర సెంటీమీటర్లు కిందికి దిగింది. నేల నుంచి స్కేలుతో కొలిచి, గుర్తులు పెట్టి, అప్పుడే అంచు కత్తిరించాను. అన్నాళ్లూ ఒక్క కుట్టు కూడా తప్పని ఈ మిషన్ మీద నాకు గౌరవం కుదిరింది అప్పుడే.

జెర్సీ కథ వేరు. మామూలు సూదితో కుట్లు తప్పుతుంటే, పోగుల్ని చీల్చకుండా పక్కకు తోసే గుండ్రటి మొన సూది వేశాను, కుట్లు తప్పడం ఆగింది. అయినా కుట్టిన చోటల్లా బట్ట అలల్లా లేచింది. ఫుట్ ఒత్తిడిని తగ్గించే ఏర్పాటు ఈ మిషన్‌లో లేదు, ఉంటే ఆ సమస్య చాలావరకు తీరేది. చివరి సంవత్సరం డెనిమ్ జాకెట్ దగ్గరా అంతే. రెండు మడత కుట్లు కలిసే చోట బట్ట ఆరు పొరలవుతుంది, మందపాటి 100 నంబరు సూది వేసినా అక్కడ మోటారు మూలిగి ఆగిపోయేది. ఫుట్ వెనక మడిచిన డెనిమ్ ముక్క పెట్టి ఎత్తు సమం చేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ కాలర్ వరకు లాక్కొచ్చాను; మోటారు బాగా వేడెక్కడంతో మిగతాది ల్యాబ్‌లోనే పూర్తిచేశాను. కాజాలు కూడా తృప్తికరం కాదు. రెండు వైపులా కుట్టు ఒకే దట్టంగా పడదు, అందుకే అదే బట్ట మీద అదే ఫ్యూజింగ్ (బట్ట గట్టిగా నిలవడానికి లోపల అతికించే పొర) వేసి ముందు రెండు మూడు కాజాలు ప్రయత్నించనిదే అసలు దుస్తుల జోలికి వెళ్లను. అలంకార కుట్ల సంగతికొస్తే, నాలుగేళ్లలో వాటి అవసరం రాలేదు.

నిర్వహణకు పెద్దగా శ్రమ లేదు. వారం పాటు నూలు బట్టలు కుట్టాక ప్లేటు విప్పితే, బట్టను ముందుకు నెట్టే పళ్ల నడుమ దూది గట్టిపడి నమదా ముక్కలా ఊడివస్తుంది. దాన్ని కుంచెతో తీసి, హుక్ తిరిగే దారిలో ఒక్క చుక్క నూనె వేస్తే మిషన్ శబ్దమే మారిపోతుంది. దాదాపు ఎనిమిది గంటల పనికి ఒక సూది మారుస్తాను. ఈ నాలుగేళ్లలో పెడల్ తీగ ఒక్కటే మార్చాల్సివచ్చింది.

కోర్సులో చేరుతున్నవారికి ఈ తరహా మిషన్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను, అయితే జెర్సీ దుస్తులే ప్రధానంగా చేయదలచినవారు అంచులు కత్తిరిస్తూ సాగే కుట్టు వేసే ఓవర్‌లాక్ మిషన్ కూడా ఉండేలా చూసుకోవాలి. కొనేముందు దుకాణంలో వాళ్లిచ్చే గట్టి గుడ్డముక్క మీద చూసి సరిపెట్టుకోవద్దు. షిఫాన్ పట్టీ ఒకటి, నాలుగు పొరల డెనిమ్ ఒకటి, జెర్సీ ముక్క ఒకటి వెంట తీసుకెళ్లి, మూడింటినీ అక్కడే కుట్టించి, కుట్టును వెనకవైపు తిప్పి చూడండి. ఫుట్ ఒత్తిడి మార్చే మీట ఉందా, సన్న రంధ్రం ప్లేటు విడిగానైనా దొరుకుతుందా అని అడగండి. ఆ రెండు ప్రశ్నలూ నేను అప్పుడు అడగలేదు.