నల్ల బాడీ, వెండి బాడీ, జిగురు రబ్బరు: పదేళ్లు దాటాక

నా దగ్గర ఇప్పుడు మూడు కెమెరాలున్నాయి. నల్ల పెయింటు వేసిన నికాన్ ఎఫ్ఎమ్2 ఒకటి, అది ఫిల్ముది. పెళ్లిళ్లకి పదేళ్లకి పైగా తిప్పిన డీఎస్ఎల్ఆర్ ఒకటి, అంటే లోపల అద్దం ఉండే డిజిటల్ కెమెరా. కొన్నేళ్లుగా వాడుతున్న వెండిరంగు మిర్రర్‌లెస్ ఒకటి, ఆ అద్దం లేని కొత్త రకం. తర్వాతి రెండూ ఏ కంపెనీవో చెప్పను. తోటి ఫోటోగ్రాఫర్ల చేతుల్లో వేరే కంపెనీల కెమెరాలకీ ఇదే గతి పట్టడం చూశాను. మెగాపిక్సెళ్లు, ఆటోఫోకస్ వగైరా ఎక్కడైనా చదువుకోవచ్చు. నా గోడు మొత్తం కెమెరా పైతొడుగు గురించి.

కొత్తగా ఫీల్డులోకి వచ్చే కుర్రాళ్లు షాపుకి వెళ్లే ముందు ఫోన్ చేస్తారు. "అన్నా, బ్లాక్ తీసుకోమంటావా, సిల్వర్ తీసుకోమంటావా?" గీతలు ఎందులో తక్కువ పడతాయి, పెయింటు ఎందులో లేస్తుంది, ఇవే ప్రశ్నలు. చేత్తో పట్టుకునే రబ్బరు గురించి ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు. శ్రీకాకుళంలో కెమెరాతో బతకాలనుకునేవాడు ముందు అడగాల్సింది దాని గురించే.

నా డీఎస్ఎల్ఆర్ నల్లది. మెగ్నీషియం బాడీ మీద గరుకుగా ఉండే నల్ల పూత. ఆ పూత సంగతి ముందే చెప్పేస్తాను, గట్టిది. మండపం స్తంభాలకి తగిలింది, ఆటోలో కింద పడింది, పక్క కెమెరా బెల్టు కొక్కెం రోజూ గీరింది. ఇన్నాళ్లకీ బాటమ్ ప్లేట్ అంచున కాస్త నునుపెక్కింది తప్ప లోపలి లోహం ఎక్కడా బయటపడలేదు. కొన్న కొత్తలో ఇదే మాట పదిమందికి చెప్పి, వాళ్లచేత కూడా నల్లదే కొనిపించాను.

తర్వాత ఆ పెళ్లి వచ్చింది. గార వైపు ఒక ఊళ్లో, మే నెల, రాత్రి ముహూర్తం. సముద్రం దగ్గర ఊరు కాబట్టి గాలి ఉంది, కానీ అది ఒంటికి అంటుకునే గాలి. పందిట్లో రెండు ఫోకస్ లైట్లు, జనరేటర్ పొగ, నా చేతులు మోచేతుల దాకా చెమట. బొటనవేలు ఆనే చోట ఉండే రబ్బరు అంతకు కొన్ని వారాల ముందు నుంచే కాస్త వదులుగా ఉంది. నొక్కితే అతుక్కునేది, వదిలితే లేచేది. పట్టించుకోనవసరం లేదని అందరూ అన్నారు. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకి ఆ ముక్క జారి నా అరచేతిలోకి వచ్చేసింది. దాంతోపాటే ముందు వైపు గ్రిప్ రబ్బరు కూడా అంచు నుంచి ఒలిచినట్టు లేచింది. చెమట చేతికి లోపలి ప్లాస్టిక్, దాని మీద మిగిలిన జిగురు. కెమెరా పట్టు దొరకడం లేదు. మెడలో బెల్టు లేకపోతే నేల మీదే ఉండేది.

పెళ్లికూతురి మేనమామ పక్కనే నిలబడి చూస్తున్నాడు. "ఏటి బాబూ, మా గుంట పెళ్లికి కెమెరా ఊడిపోతంది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ డబ్బిచ్చేది ఆయనే. నా అసిస్టెంటు కుర్రాడు చురుకైనవాడు. పంతులుగారి పళ్లెంలో మిగిలిన పసుపు దారం అడిగి తెచ్చి, గ్రిప్ చుట్టూ నాలుగు చుట్లు చుట్టి ముడేశాడు. తలంబ్రాల దాకా అలాగే లాగించాం. ఆడపెళ్లివాళ్లు ఒకరికొకరు చూపించుకుని, కెమెరాకి కూడా కంకణం కట్టేశారని ఒకటే నవ్వులు. ఫోటోలు బాగానే వచ్చాయి. దారం తాలూకు పసుపు మాత్రం ఆ రబ్బరు గరుకులోకి దిగి, కడిగినా పోలేదు.

మర్నాడు తీరిగ్గా కూర్చుని అతికిద్దామంటే అసలు చిక్కు తెలిసింది. ఊడిన రబ్బరు తన గాడిలో పట్టడం లేదు. పెళ్లినాటి చొక్కా ఇప్పుడు గుండీలు పెట్టుకోబోతే ఎలా ఉంటుందో అలా అంచులన్నీ బయటికి పొర్లుతున్నాయి. చెమట, చేతి నూనె, వేడి కలిసి రబ్బరుని ఉబ్బించేస్తాయి. ఒకసారి సాగాక అది మళ్లీ కుంచించుకోదు. కొత్త జిగురు వేస్తే ఒకవైపు అతుకుతుంది, రెండోవైపు లేస్తుంది. విశాఖలో సర్వీస్ సెంటరుకి తీసుకెళితే ముక్కలు స్టాకు లేవన్నారు, వారాల తరబడి తిప్పారు, చివరికి వేశారు. రెండు వానాకాలాలు గడిచాయో లేదో మళ్లీ అదే చోట, అదే బొటనవేలి కింద, లేవడం మొదలుపెట్టింది. ఇప్పుడు నేనే డబుల్ టేపు వేసి, ఉబ్బిన అంచుని బ్లేడుతో కోసి నెట్టుకొస్తున్నాను. చూడ్డానికి బాగోదు. పట్టు మాత్రం ఉంది.

ఇదొక రకం రోగం. రెండోది ఇంకా దరిద్రం. కొన్ని కెమెరాల వెనక తలుపు మీద, కొన్ని లెన్సుల మీద, ఫ్లాష్‌ల మీద ముట్టుకుంటే మెత్తగా, ఖరీదైన వస్తువులా అనిపించే పూత ఉంటుంది. షాపులో చేతికి తగలగానే మనసు పారేసుకుంటాం. అది ఎక్కువగా పాలీయూరిథేన్ జాతి పూత. గాలిలోని తేమ దాని అణుబంధాలని మెల్లగా తెంచేస్తుంది. వేడి తోడైతే ఇంకా త్వరగా. వాడకుండా బీరువాలో దాచినా ఆగదు. కొన్నాళ్లకి పనసపాలు పూసినట్టు తయారవుతుంది. దుమ్ము, వెంట్రుకలు, బ్యాగులోని నూలు, అన్నీ దానికే. నా పాత ఫ్లాష్ ఒకటి ఇలాగే అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చి గుడ్డతో రుద్ది రుద్ది మొత్తం తీసేశాను. గుడ్డలన్నీ నల్లగా అయ్యాయి. కింద నిగనిగలాడే మామూలు ప్లాస్టిక్ బయటపడింది. ఆ తర్వాత దానికి ఏ జబ్బూ రాలేదు. మొదటి రోజు నుంచే ఆ మామూలు ప్లాస్టిక్ ఇచ్చి ఉంటే సరిపోయేది కదా!

ఇప్పుడు ఎఫ్ఎమ్2 దగ్గరికి వస్తాను. టౌన్లో ఒక స్టూడియో మూసేస్తుంటే పెద్దాయన దగ్గర కొన్నాను. 1982లో మొదలై 2001 దాకా తయారైన మోడల్ అది. బ్యాటరీ లేకపోయినా షట్టర్ పడుతుంది, వెలుతురు కొలిచే మీటరుకి మాత్రమే బ్యాటరీ. నాది నల్లది. పైరేకు ఇత్తడి, దాని మీద నల్ల పెయింటు. పైన మధ్యలో పొడుచుకొచ్చే ప్రిజం ముక్కు మీద, కింది రేకు అంచుల్లో, ఫిల్ము తిప్పే వైండ్ లివర్ పక్కన పెయింటు అరిగి పచ్చగా ఇత్తడి తేలింది. నేను కొనేటప్పటికే కొంత ఉంది, నా చేతిలో ఇంకొంచెం పెరిగింది. నాకున్న వస్తువుల్లో అరిగేకొద్దీ అందం పెరిగింది ఇదొక్కటే.

సారవకోట మండలం బుడితిలో ఇత్తడి, కంచు పని చేసేవాళ్ల ఫోటోలు తీద్దామని దీన్ని మెడలో వేసుకుని వెళ్లాను. చెంబుకి నగిషీ పెడుతున్న ఒక ముసలాయన, ఫోటో తీయించుకోవడం మానేసి, కెమెరా అంచు మీద బొటనవేలు పెట్టి రుద్ది చూశాడు. "ఇత్తడే బాబూ ఇది" అన్నాడు. మిగతా నలుపు కూడా గీకేసి, చింతపండుతో తోమితే ఎలా ఉంటుందని నేను సరదాకి అడిగాను. ఆయన సరదాగా తీసుకోలేదు. "వద్దు, అలా ఒగ్గీ. చెయ్యి తగిలిన కాడే మెరవాల. అంతా మెరిస్తే అందమేటుంది?" అన్నాడు. తర్వాత ఫోటోకి బాగానే కూర్చున్నాడు.

ఈ అరుగుదలకి ఎంత మోజుందంటే, 2015లో లైకా అనే జర్మన్ కెమెరా కంపెనీ వాళ్లు అమెరికన్ రాక్ గాయకుడు లెనీ క్రావిట్జ్ పేరు మీద 125 సెట్లు అమ్మారు. కొత్త కెమెరానే, పెయింటు చేత్తో అరగదీసి ఇత్తడి కనపడేలా చేసి మరీ ఇచ్చారు. ఇంకొకరు అరగదీసిన కెమెరాకి డబ్బు పోయడం నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడదు. కొనేవాళ్లకి వేరే లెక్కలుంటాయేమో.

ఒక మాట. ఇత్తడి కనపడుతుందని పాత నల్ల కెమెరా ఏది పడితే అది కొనకండి. 1976లో వచ్చిన కానన్ ఏఈ-1 పైరేకు చూస్తే లోహమనే అనుకుంటాం. అది ఏబీఎస్ ప్లాస్టిక్, లోహంలా కనపడేట్టు పూత పోశారు. ఆ పనితనానికి దండం పెట్టాలి గానీ, లోపల ఉన్నది ప్లాస్టిక్కే. కెమెరాగా అది మంచిదే, నేను చెప్పేది పైరేకు సంగతి.

ఇక వెండిరంగు మిర్రర్‌లెస్. పాత కెమెరాల వెండిరంగు క్రోమ్ పూత, ఇత్తడి మీద పోసింది. అది పెయింటు కన్నా చాలా గట్టిది. ఇప్పుడు వచ్చేవాటిలో చాలావరకు వెండిరంగు అంటే రంగే, క్రోమ్ కాదు. నాదీ అంతే. ట్రైపాడ్ ప్లేటు బిగించే చోట రంగు లేచి బూడిదరంగు మెగ్నీషియం కనపడింది. కళింగపట్నం బీచిలో ప్రీ-వెడ్డింగ్ షూట్లు మా అందరికీ తిండి పెట్టేవి. లైట్‌హౌస్, వంశధార సముద్రంలో కలిసే చోటు, జంటలన్నీ అక్కడికే. ఆ ఉప్పుగాలికి రంగు లేచిన చోట తెల్లటి పొడిలా పట్టడం మొదలైంది. ఇత్తడికి ఉప్పు తగిలితే మహా అయితే కాస్త ఆకుపచ్చ చిలుము పడుతుంది. మెగ్నీషియం అంత ఓపికైన లోహం కాదు. ఇప్పుడు బీచి నుంచి రాగానే మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడుస్తున్నాను. ఆ మచ్చ మీద కొంచెం నల్ల ఎనామిల్ పెయింటు అద్దాను. ఆగింది.

అందం సంగతికి వస్తే, ఇది మనకి కాదు, పార్టీకి, అంటే పని ఇచ్చేవాళ్లకి నచ్చాలి. మా వైపు పెళ్లివాళ్లకి కెమెరా అంటే నల్లగా, పెద్దగా ఉండాలి. వెండి కెమెరా తీయగానే ఒకాయన "మా పెళ్లికి పాత కెమెరా తెచ్చారేటి?" అని నిలదీశాడు. అది నల్లదాని కన్నా ఖరీదు ఎక్కువ అని చెబితే నమ్మలేదు. అదే కాలేజీ పిల్లలైతే దాన్ని చేతిలో పట్టుకుని సెల్ఫీలు తీసుకుంటారు. హల్దీ ఫంక్షన్‌లో పసుపు నీళ్లు చల్లుకుంటుంటే వెండిరంగు మీద పడ్డ ప్రతి చుక్కా కనపడుతుంది, నల్లదాని మీద కనపడదు. రంగు మీద పసుపు పోతుంది, దాని కింద తోలులాంటి ముక్క గీతల్లో మాత్రం నీడలా మిగిలింది. మధ్యాహ్నం ఎండలో వెండిది తక్కువ కాలుతుంది, అది నిజం. కానన్ వాళ్లు దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే పెద్ద టెలిఫోటో లెన్సులకి తెల్లరంగు వేయడం మొదలుపెట్టింది కూడా వేడి తగ్గించడానికే.

గీతలే పడకూడదు అనుకునేవాళ్లకి టైటానియం ఉంది. 2019లో వచ్చిన ఫుజీఫిల్మ్ ఎక్స్-ప్రో3 పైరేకు, కిందిరేకు టైటానియం. అందులో డ్యూరా అనే పేరుతో వచ్చిన రకాల మీద సిటిజన్ గడియారాల కంపెనీ వాళ్ల డ్యూరాటెక్ట్ పూత వేశారు, మామూలు పెయింటుతో పోల్చలేనంత గట్టిది. కానీ అందులోనూ చెయ్యి ఆనే చోట ఉన్నది అతికించిన సింథటిక్ తోలే. పైన ఎంత గట్టి లోహం పెట్టినా నా చెమట తగిలేది ఆ తోలుకే.

ఎఫ్ఎమ్2ని ఇందాక అంత పొగిడాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఫిల్ము ధర, కడిగించే ఖర్చు చూసుకుని దాన్ని ఇప్పుడు అరుదుగా తీస్తున్నాను. మిగతా రోజులు తేమ పీల్చే సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో ఉంటుంది. డీఎస్ఎల్ఆర్ తాగిన చెమటలో పదో వంతు కూడా అది తాగలేదు. దాని తోలు కూడా వెనక మూల దగ్గర లేచింది, నేనే అతికించాను. బెల్టు కొక్కెం కింద పెయింటు అరగలేదు, పెచ్చులు ఊడింది, అక్కడ ఇత్తడి అందంగా ఏమీ లేదు. అమ్మబోతే ఆ పెచ్చులకి ధర తెగ్గోస్తారు కూడా.

నా చేతులకి చెమట ఎక్కువ, మా ఇంటి నుంచి సముద్రం దూరం కాదు, ఏడాదిలో సగం రాత్రులు పందిళ్లలోనే. ఏసీ స్టూడియోలో పనిచేసే హైదరాబాదు వాళ్లకి నా రబ్బరు గోల వింతగా ఉండొచ్చు. నేను ఇంకొకటి కొనాల్సి వస్తే నల్లదే కొంటాను, పార్టీ కోసం. కానీ కొనే ముందు రబ్బరు ముక్కలు విడిగా దొరుకుతాయో లేదో, ఎంతవుతుందో సర్వీస్ సెంటరుని అడిగి, వాళ్లు చెప్పింది మెసేజ్‌లో పెట్టించుకుంటాను. మెత్తటి పూత ఉన్నది మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోను. సరే, ఊరికే ఇస్తే తీసుకుంటాను, ఆల్కహాల్ సీసా ఇంకా సగం ఉంది.